అగ్నిపర్వతపు బూడిదను అచ్చుదించే పనితనం

1982 జూన్ 24 రాత్రి జావా దీవి దగ్గర ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం గలుంగుంగ్ అగ్నిపర్వతం ఎగజిమ్మిన బూడిదలో చిక్కుకుంది. నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. కిందికి జారి, బూడిద మేఘం దాటాక అవి మళ్లీ అందుకోవడంతో అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. బూడిద ఇంజన్ల వేడికి కరిగి లోపలి భాగాలకు గాజులా అంటుకుంది.

ఇంజన్ రెక్కల పూతలను ఇలాంటి బూడిదతో పరీక్షించాలి. కానీ అసలు బూడిద ప్రతిసారీ ఒకే తీరుగా దొరకదు. పర్వతం దగ్గర రాలినది ఒకలా, దూరాన రాలినది మరొకలా ఉంటుంది. అందుకే ప్రయోగశాలల్లో దానికి నకలు చేస్తారు. ఆ పనిలోని ఓపిక, నేర్పు చూస్తే ముచ్చటేస్తుంది.

పేరుకు బూడిదేగానీ, కట్టెలు కాలితే మిగిలే దానితో దీనికి చుట్టరికం లేదు. ఇది గాజు, రాతి స్ఫటికాల పొడి. ముందు సిలికా, అల్యూమినా, ఇనుప ఆక్సైడ్ వంటివి తూకం ప్రకారం కలుపుతారు. 2010లో ఐస్‌లాండ్‌లో ఎయాఫ్యాట్లాయోకుట్ అగ్నిపర్వతం వెదజల్లిన బూడిదలాంటిది కావాలంటే సిలికా దాదాపు 58 శాతం ఉండాలి. కాల్షియం, సోడియంలను కార్బొనేట్ల రూపంలో వేస్తారు. ఆక్సైడ్లయితే తేమ పీల్చి తూకం తప్పిస్తాయి. మిశ్రమాన్ని ప్లాటినం మూసలో కరిగించి ఒక్కసారిగా నీళ్లలో పోస్తారు. మెల్లగా చల్లారితే స్ఫటికాలు కడతాయి. వచ్చిన గాజును నూరి మళ్లీ కరిగిస్తారు, అంతా ఒకే పాకానికి రావాలని. కొలిమిలో ఆక్సిజన్ ఎక్కువైతే ఇనుము స్థితి మారి, కరిగిన గాజు చిక్కదనమూ మారుతుంది. కనుక లోపలి వాయువుల మీదా కన్నేసి ఉంచాలి.

తర్వాత నూరి, జల్లించి, అవసరమైతే ఫెల్డ్‌స్పార్ వంటి స్ఫటికాల పొడి కలుపుతారు. కష్టమంతా రేణువు ఆకారం దగ్గరే. ఉదాహరణకు, నంద్యాల జిల్లా జ్వాలాపురంలో సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం నుంచి వచ్చిపడిన బూడిద పొర ఉంది. అంత దూరం ఎగిరి వచ్చిన ఆ బూడిదలో పగిలిన బుడగల గోడలైన పలుచని, వంపు తిరిగిన గాజు పెంకులు కనిపిస్తాయి. గట్టి గాజు ముద్దను నూరితే ఆ వంపులు రావు. 2013లో బిస్కే అఖాతం మీద కృత్రిమ బూడిద మేఘాన్ని సృష్టించినప్పుడు కూడా ఐస్‌లాండ్ అసలు బూడిదనే, ఒక టన్ను, విమానం నుంచి చల్లారు.

కరిగే గుణంలో మాత్రం నకలు అసలుకు దీటుగా నిలుస్తుంది. ఇంజన్లను ఇసుకతోనూ పరీక్షిస్తారు. కానీ క్వార్ట్జ్ ఇసుక కరగాలంటే సుమారు 1,700 డిగ్రీలు కావాలి. బూడిదలోని గాజు వెయ్యి డిగ్రీలకు ముందే మెత్తబడుతుంది. ఇసుకతో నెగ్గిన ఇంజన్ బూడిదకూ తట్టుకుంటుందన్న భరోసా లేదు. ఆ భరోసా కావాలంటే అసలు బూడిదతోనో, ఇంత శ్రమపడి చేసిన నకలుతోనో పరీక్షించాలి.