పరిశోధన పత్రానికి తగిన పత్రిక: ఎంపికలో ఔచిత్య విచారం

1. ఉపోద్ఘాతం

పరిశోధన ఫలితం తగిన పాఠకుని చేరినప్పుడే సార్థకమవుతుంది. అయితే ‘ఈ పత్రిక ఈ వ్యాసానికి తగినదా?’ అని అడగవలసిన చోట ‘ఈ పత్రిక జాబితాలో ఉందా?’ అనే ప్రశ్న విశ్వవిద్యాలయాలలో స్థిరపడింది. మొదటిది విద్వత్తుకు సంబంధించిన ప్రశ్న. రెండవది కార్యాలయానికి సంబంధించినది. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్ల తెలుగు పరిశోధనకు కలిగిన నష్టాన్ని, పత్రిక ఎంపికకు ఆధారం కాదగిన ప్రమాణాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

2. జాబితాల చరిత్ర

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) 2016 నాటి నిబంధనలు సిద్ధాంత వ్యాస సమర్పణకు ముందు కనీసం ఒక పత్రం ప్రచురించడాన్ని తప్పనిసరి చేశాయి. అవసరం పెరిగింది, ఆ అవసరాన్ని సొమ్ము చేసుకునే పత్రికలూ పెరిగాయి. ‘కరెంట్ సైన్స్’లో 2018లో వెలువడిన ఒక అధ్యయనం, యు.జి.సి. ఆమోదిత జాబితాలో విశ్వవిద్యాలయాలు సిఫారసు చేసిన పత్రికలను నమూనాగా పరీక్షించి, వాటిలో 88 శాతానికి పైగా నాణ్యత లేనివి కావచ్చని తేల్చింది. అదే ఏడాది మే నెలలో సంఘం 4,305 పత్రికలను జాబితా నుండి తొలగించింది. 2019లో ‘కేర్’ జాబితా వచ్చింది. 2025 ఫిబ్రవరిలో దానినీ నిలిపివేసి, సూచనాత్మక ప్రమాణాలను ప్రకటించి, ఎంపిక బాధ్యతను విద్యాసంస్థలకు, పరిశోధకులకు అప్పగించారు.

2022 నిబంధనలు ప్రచురణ నిర్బంధాన్ని తొలగించినా ఒత్తిడి తొలగలేదు. 2018 నాటి అధ్యాపక నియామక నిబంధనలలో భాషా, మానవీయ శాస్త్రాల పత్రం ఒక్కొక్కదానికి 10 పాయింట్లు ఉన్నాయి. పత్రానికి పాయింటు ముడిపడి ఉన్నంత కాలం తొందర ఉంటుంది; తొందర ఉన్నచోట విచక్షణ సన్నగిల్లుతుంది.

3. సంఖ్యల పరిధి

పత్రిక ముఖపత్రంపై కనిపించే ఐ.ఎస్.ఎస్.ఎన్. ఎనిమిది అంకెల గుర్తింపు సంఖ్య మాత్రమే. అది పత్రిక ఫలానాదని చెబుతుంది, మంచిదని చెప్పదు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనేది గత రెండేళ్ల వ్యాసాలకు ఒక సంవత్సరంలో లభించిన ఉల్లేఖనల సగటు. క్లారివేట్ సంస్థ ఏటా వెలువరించే ఈ లెక్క విజ్ఞానశాస్త్రాల గమనానికి అనుగుణమైనది. ఒక శాసన పాఠపరిష్కారం ముప్పై ఏళ్ల తరువాత కూడా ఉపయోగపడవచ్చు. దానిని రెండేళ్ల గడువుతో కొలవడం అనుచితం. పైగా ఆ పేరుతోనే సొంత లెక్కలు ప్రకటించుకునే పత్రికలు ఉన్నాయి. అసలు పత్రిక పేరుతో నకిలీ వెబ్‌సైట్లు నడిపి రుసుము వసూలు చేసేవారూ ఉన్నారు. కనుక వ్యాసం పంపే ముందు ఐ.ఎస్.ఎస్.ఎన్. వివరాలను అధికారిక పోర్టల్‌లో సరిచూడటం కనీస జాగ్రత్త.

4. వ్యాసానికి, పత్రికకు పొందిక

క్షేమేంద్రుడు ‘ఔచిత్య విచార చర్చ’లో కావ్యాంగాల పొందికను గూర్చి చెప్పిన దృష్టి ఇక్కడా వర్తిస్తుంది. మంచి పత్రిక అయినంత మాత్రాన అది ప్రతి వ్యాసానికీ తగినది కాదు. ద్రావిడ భాషల క్రియారూపాల తులనాత్మక పరిశీలనకు ఆంగ్ల భాషాశాస్త్ర పత్రిక తగవచ్చు. తమిళ, కన్నడ భాషల పండితులు దానిని అక్కడ చదువుతారు. తాళపత్ర ప్రతుల పాఠభేద చర్చకు మాత్రం తెలుగు తెలిసిన సమీక్షకుడు అవసరం. అన్ని శాస్త్రాలనూ స్వీకరించే ‘అంతర్జాతీయ’ పత్రికలో ఆ వ్యాసాన్ని పరీక్షించేది ఎవరు? సంపాదక వర్గంలో ఆ విషయం తెలిసినవారు లేనప్పుడు రెండు రోజులలో వచ్చే ఆమోదం సమీక్ష కాదు, రసీదు.

అందువల్ల పరిశోధకుడు ముందుగా ఆ పత్రిక ఇటీవలి సంచికలను చదవాలి. తన వ్యాసం ఏ చర్చకు కొనసాగింపో ఆ చర్చ అక్కడ జరుగుతున్నదా అని చూడాలి. రుసుము ఉండటమే దోషం కాదు. దానిని ముందుగా ప్రకటించకపోవడం దోషం. తెలుగుకు మరొక ప్రత్యేక ప్రమాణం కూడా ఉంది. యూనికోడ్ కాని ఖతులలో పి.డి.ఎఫ్.గా నిలిచిన వ్యాసం అంతర్జాలంలో ఉన్నా తెలుగు పదాలతో వెతికేవారికి దొరకదు. దొరకని వ్యాసం అచ్చయినా అజ్ఞాతమే.

5. ముగింపు

1924లో కాశీనాథుని నాగేశ్వరరావు స్థాపించిన ‘భారతి’కి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేదు, జాబితా ముద్ర లేదు. అయినా అందులోని సాహిత్య, చారిత్రక వ్యాసాలు నేటికీ పరిశోధకులకు ఆధారాలు. వాదానికి ప్రతివాదం చేయగల పాఠకులు ఆ పత్రికకు ఉండటమే దాని అర్హత. జాబితా తొలగడం వల్ల తెలుగు పరిశోధకునికి దక్కినది స్వేచ్ఛ మాత్రమే కాదు, నిర్ణయ భారం కూడా. ఆ భారాన్ని అతనిపైనే వదిలివేయకుండా శాఖలు, పర్యవేక్షకులు పత్రికలను చదివి అభిప్రాయం చెప్పాలి. నియామక సంఘాలు పత్రాలను లెక్కించడంతో సరిపెట్టక చదవాలి. అది జరగనంత వరకు ఎంత మంచి ప్రమాణమైనా మరొక జాబితాగానే మిగులుతుంది.