యాభై మందికి పది ఉత్తరాలు

కలంస్నేహం మీద పుస్తకం అనగానే నాకు కాస్త అనుమానమే. అందులోనూ అమెరికా అమ్మాయి, జింబాబ్వే అబ్బాయి. ఆమెకి ఉంది, అతనికి లేదు. ముగింపు మొదటి పేజీలోనే చెప్పేయొచ్చు. అయినా ‘ఐ విల్ ఆల్వేస్ రైట్ బ్యాక్’ని రెండు రాత్రుళ్ళలో చదివేశాను.

1997లో పెన్సిల్వేనియాలోని ఒక బడిలో, వేరే దేశంలో ఎవరికైనా ఉత్తరం రాయమన్నారు. పన్నెండేళ్ళ కేట్లిన్ జింబాబ్వేని ఎంచుకుంది. ఆ ఉత్తరం ముటారే ఊళ్ళో మార్టిన్ గాండాకి అందింది. ఏళ్ళ తరబడి రాసుకున్నారు. 2015లో వచ్చిన ఈ పుస్తకాన్ని లిజ్ వెల్చ్ సాయంతో ఇద్దరూ కలిసి రాశారు: ఒక అధ్యాయం ఆమెది, ఒకటి అతనిది.

ఈ పుస్తకం బలమంతా ఆ అమరికలోనే ఉంది. ఆమె షాపింగ్ గురించీ, స్నేహితురాళ్ళతో పేచీల గురించీ చెప్తుంది. పేజీ తిప్పితే, ఒకే గదిలో మరో కుటుంబంతో కలిసి సర్దుకుంటున్న ఇల్లు. మనకి తెలిసిపోయింది, ఆమెకి తెలీదు. మార్టిన్ అబద్ధం ఆడడు, చెప్పడు, అంతే. పద్నాలుగేళ్ళ కుర్రాడి అభిమానం అది. స్టాంపు కొనడమే గగనమని స్నేహితురాలికి ఎలా రాస్తాడు? చివరికి ఒక ఉత్తరం పారేసిన ఐస్‌క్రీం కాగితం మీద వస్తుంది. అతను దాచిందంతా ఆ కాగితమే చెప్పేసింది. పుస్తకం మొత్తంలో నేను చాలాసేపు ఆగిపోయింది ఇక్కడే.

ఆ తర్వాతే నాకు పేచీ. కేట్లిన్ పిల్లల్ని చూసుకునే పనిలో సంపాదించిన డబ్బు పంపడం మొదలుపెడుతుంది. మంచి మనసు, కాదనను. కానీ అక్కణ్ణుంచి మార్టిన్ గొంతులో కృతజ్ఞత తప్ప ఇంకోటి వినపడటం తగ్గిపోయింది. ఫీజు కట్టే స్నేహితురాలి మీద ఎప్పుడైనా చిరాకు పడొచ్చా? ఆమె రాసింది మూర్ఖంగా ఉందని అనొచ్చా? కలిసి రాసిన పుస్తకంలో బహుశా అది కుదరదు. 1997 నవంబరులో ఒక్కరోజులో జింబాబ్వే డాలరు కుప్పకూలింది. ఇంట్లో ఆకలి మనకి కనిపించినంతగా, దాని వెనకున్న రాజకీయం కనిపించదు.

కేట్లిన్ తల్లి పట్టు విడవకుండా కాలేజీలకి ఫోన్లు చేసిన భాగం మాత్రం చాలా బావుంది. స్కాలర్‌షిప్ దొరికి 2003లో మార్టిన్ విలనోవా యూనివర్సిటీకి వచ్చాడు. నాకూ కళ్ళు చెమర్చాయి, దాచడమెందుకు.

అయితే మొదట్లో ఒక లెక్క ఉంది. మార్టిన్ క్లాసులో యాభై మంది, వచ్చిన ఉత్తరాలు పది. మొదటి ర్యాంకు కాబట్టి మొదటి ఉత్తరం అతనికిచ్చారు. పుస్తకం దాన్ని అదృష్టమని చెప్పి ముందుకెళ్ళిపోతుంది. మూసేశాక కూడా నాకు ఆ పదకొండో ర్యాంకు వాడి గురించి తెలుసుకోవాలనే ఉంది.