మింగినవాడు, రాసిచ్చినవాడు

కుంగుబాటు మీద, దాని మందుల మీద అమెరికాలో మూడేళ్ల తేడాతో రెండు పుస్తకాలు వచ్చాయి. నవలాకారుడు విలియం స్టైరన్ ‘డార్క్‌నెస్ విజిబుల్’ 1990లో, సైకియాట్రిస్టు పీటర్ క్రేమర్ ‘లిజనింగ్ టు ప్రోజాక్’ 1993లో. ఒకరు మందు మింగినవారు, మరొకరు రాసిచ్చినవారు. ఏ జాగ్రత్త పడాలో నాకు ఎక్కువ నేర్పింది మింగినవారే.

స్టైరన్ పుస్తకం చిన్నది. అందులో మందు పనిచేయని రోజులే ఎక్కువ. మొదట ఇచ్చిన లుడియోమిల్ ఆయన్ని స్థిమితంగా ఉండనివ్వలేదు. మోతాదు పెంచాక ఓ రాత్రి గంటల తరబడి మూత్రం బిగిసిపోయింది. తర్వాత నార్డిల్. అది వాడేవాళ్లు ముదరబెట్టిన చీజ్ లాంటివి తింటే రక్తపోటు ప్రమాదకరంగా ఎగబాకుతుంది. పైగా గుణం కనిపించడానికి వారాలు పడుతుంది. ఆ వారాలే అసలు గండం: చావాలన్న ఆలోచన లోపల ఉంది, మందు ఇంకా అందుకోలేదు. చివరికి ఓ రాత్రి ఆయన భార్యను నిద్రలేపారు, మర్నాడు ఆస్పత్రిలో చేరారు. నిద్రకిచ్చిన హాల్సియనే తన ఆత్మహత్య ఆలోచనల్ని ముదిరేలా చేసిందని ఆయన నమ్మకం. అంతదూరం నేను ఆయన వెంట వెళ్లలేను. ఒక్కరి అనుభవం అనుమానానికి చాలుతుంది, రుజువుకు చాలదు. కానీ ఆయన వేసుకున్నది మామూలు మోతాదుకు మూడింతలని ఆస్పత్రి వైద్యుడు చెప్పే చోట గుండె జారింది.

క్రేమర్ ఆలోచనాపరుడు. మందు జబ్బుతో ఆగక స్వభావాన్నే మారిస్తే, ఇక ‘నేను’ ఎవరని అడిగారు. ఆయన టెస్ అని పిలిచిన రోగి ప్రోజాక్‌తో కొత్త మనిషైంది. ఆపిన కొన్ని నెలలకు తాను తనలా లేనంది. క్రేమర్ దీన్ని తత్వచర్చగా సాగదీస్తారు. నాకు ముందు వైద్యం కావాలి: జబ్బు తిరగబెట్టిందా, మందు మానడం వల్ల వచ్చిన బాధా? ప్రోజాక్ ఒంట్లో వారాలు నిలుస్తుంది. కుంగుబాటుకే ఇచ్చే పరాక్సిటిన్, వెన్లఫాక్సిన్ అలా కాదు. హఠాత్తుగా మానితే కొద్దిరోజుల్లోనే తలతిప్పు, వికారం, తలలో కరెంటు కొట్టినట్టు ఉండటం మొదలవుతాయి. నిలిచి ఉండటంలోనూ ముప్పుంది. ప్రోజాక్ ఆపాక కనీసం 5 వారాలు గడవందే నార్డిల్ మొదలుపెట్టకూడదు. ఆ రెండూ కలిస్తే సెరటోనిన్ మితిమీరి ప్రాణం మీదికి వస్తుంది.

ప్రోజాక్‌కూ ఆత్మహత్య ఆలోచనలకూ ఉన్న సంబంధాన్ని క్రేమర్ దాటవేయలేదు, అనుబంధంలోకి నెట్టారు. అదే నాకు బాధ. 2004లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పిల్లల విషయంలో కుంగుబాటు మందులన్నిటికీ అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది, 2007లో దాన్ని 24 ఏళ్ల దాకా పొడిగించింది. అది చదివి మందే వద్దనుకునేవాళ్లున్నారు. హెచ్చరిక అలా అనడం లేదు. వైద్యం లేని కుంగుబాటూ ప్రాణం తీస్తుంది. మొదటి వారాల్లో, మోతాదు మార్చినప్పుడు ఇంట్లోవాళ్లు కనిపెట్టి ఉండాలి. నిద్ర పట్టకపోయినా, చిరాకు పెరిగినా, స్టైరన్‌కు లుడియోమిల్‌తో వచ్చినట్టు కాలు నిలవకపోయినా, ఆ రోజే డాక్టరుకు చెప్పాలి.