మహారాజు ఎవరికి వంగాడు?

ఎయిర్ ఇండియా పాత పోస్టర్లను ఇప్పుడు కళ అంటున్నారు. వేలంలో కొని ఫ్రేములు కట్టించుకుంటున్నారు. కట్టించుకోనీ. వాటిని పాలమూరు నుంచి చూస్తే ఎట్లుంటయో చెప్పడమే నా పని.

పెద్ద తలపాగా, కోరమీసం, గుండె మీద చెయ్యి పెట్టుకొని నడుం వంచిన మహారాజు. 1946లో బాబీ కూకా ఆలోచనకు ఉమేష్ రావు గీసిన బొమ్మ. మొదట మెమో ప్యాడ్ కోసం గీసిందే. 1948 జూన్‌లో బొంబాయి నుంచి లండన్‌కు ఎగిరిన మొదటి విమానం పేరు కూడా 'మలబార్ ప్రిన్సెస్'. 1953లో కంపెనీ ప్రభుత్వపరమైంది. ఇక అది ఒట్టి వ్యాపార గుర్తు కాదు, కొత్త రిపబ్లిక్ పరదేశాలకు పంపిన ముఖం. ఆ రాజు టోక్యోలో సుమో వస్తాదైండు, పారిస్‌లో ప్రియుడైండు. తెల్లవాళ్ళు నవ్వుకున్నారు, టిక్కెట్లు కొన్నారు.

ఇంట్లో జరిగింది వేరు. 1949లో హైదరాబాద్ రాజ్యంలో జాగీర్లను రద్దు చేశారు. వాటితోపాటే గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలూ పోయినయి (జటప్రోలు వారి కొల్లాపురం ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలోది). 1971లో మాజీ రాజుల భరణాలనూ తీసేశారు. పోస్టర్ మీది రాజును మాత్రం ఎవరూ రద్దు చెయ్యలేదు.

అది రాజులను ఎగతాళి చేసిన బొమ్మే గదా అని మిత్రులంటారు. నిజమే, గీత కూడా మంచిదే. కానీ రాజు వంగితే నవ్వు ఎందుకొస్తది? వంగడం వేరేవాళ్ళ పని గనుక. తెలంగాణ పల్లెల్లో దొర ఎదురైతే చెప్పులు చేతబట్టుకున్నదెవరు? అధికారి ఊరికొస్తే మూటలు మోసి, కబురు పట్టుకొని పక్కూరికి ఉరికిందెవరు? మాల, మాదిగలే. కూలి లేదు, అది వెట్టి. వాళ్ళకు తెలిసిన ప్రయాణం అదీ. ఆ తర్వాతి ప్రయాణం గుంపు మేస్త్రీ అడ్వాన్సుకు కట్టుబడి డ్యాములకూ కాల్వలకూ వలసపోవడం. దానికి పోస్టర్ ఎవరు వేస్తారు?

ఆతిథ్యమిచ్చే భారతదేశం అని చూపించిన చోట, బరువు మోసినవాణ్ణి తప్పించి ఆ వంపును రాజుకు తొడిగారు. నా అభ్యంతరం అక్కడుంది.

వనపర్తి రాజభవనంలో ఇవాళ పాలిటెక్నిక్ నడుస్తున్నది, గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ. అక్కడి అధ్యాపక మిత్రులు ఈ పోస్టర్ ఒకటి క్లాసు గోడకు అంటించాలె. మీ తాతల్లో ఎవరు ఎవరి మూటలు మోశారో అడిగి రమ్మని పిల్లలను ఇంటికి పంపాలె.