చుక్కల పటంలో లేని వాడ

ప్రకృతి వైపరీత్యాలను ఎప్పటికప్పుడు చూపించే పటాన్ని ఇవాళ ఎవరైనా కట్టుకోవచ్చు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ భూకంపాల వివరాలను నిమిషనిమిషానికీ ఉచితంగా ఇస్తుంది. నాసా వాళ్ల ఈఓనెట్ తుపాన్లు, కార్చిచ్చులు, అగ్నిపర్వతాల సంగతి చెబుతుంది. వీటిని లీఫ్‌లెట్ అనే పనిముట్టుతో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద పరిస్తే చాలు. చుక్క నొక్కితే వివరం వస్తుంది. కంప్యూటర్ చదివిన మిత్రుడొకడు అలాంటిది కట్టి చూపించాడు. ముచ్చటేసింది. కానీ మా ఇంట్లో మొదట యూనివర్సిటీ గడప తొక్కినవాణ్ణి నేను. ఏ పటం చూసినా మా వాడ ఎక్కడుందని వెతకడం అలవాటు.

మొదట భూకంపాల సంగతి చూద్దాం. అమెరికాలో 2.5 తీవ్రత నుంచే చుక్కలు పడతాయి. మిగతా దేశాల్లో మామూలుగా 4.5 దాటితేనే. ఈ తేడా నేలది కాదు, యంత్రాలది. చుక్క లేదంటే ప్రమాదం లేదని కాదు, చూసేవాడు లేడని.

ఐక్యరాజ్యసమితి, ఐరోపా కమిషన్ కలిసి నడిపే జీడాక్స్ ఆకుపచ్చ, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరికలిస్తుంది. అందులో విపత్తును తట్టుకునే శక్తిని దేశం మొత్తానికీ కలిపి లెక్క కడతారు. జూబ్లీహిల్స్ మేడకీ, కాలవగట్టు మీది తాటాకింటికీ ఒకటే అంకె. ఇక పిడుగుపాటుకు మన దేశంలో ఏటా రెండు వేల మందికి పైగా పోతున్నారు. ఎక్కువమంది పొలంలో ఉన్నవాళ్లే. నాట్లేసే కూలిమనిషి మీద పడే పిడుగుకీ, ఆమెకు తగిలే వడదెబ్బకీ జీడాక్స్‌లో రంగే లేదు.

1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వేలమందిని మింగింది. ఉప్పెనకు కులం లేదంటారు. నిజమే. కానీ ఊరు మెరకన, వాడ పల్లాన ఉండటం ప్రకృతి చేసిన ఏర్పాటు కాదు కదా! 2004 డిసెంబర్ సునామీ తర్వాత తమిళనాడు శిబిరాల్లో దళితుల్ని వేరుగా ఉంచారనీ, తాగునీళ్ల దగ్గర అడ్డుకున్నారనీ హక్కుల సంఘాలు నమోదు చేశాయి. నీళ్లు తీశాయి, అంటరానితనం తీయలేదు. ‘ప్రకృతి వైపరీత్యం’ అన్న మాట ఈ సగాన్ని దాచేస్తుంది. పటం ఆ మాటనే రంగుల్లో చెబుతోంది.

“డేటా లేదన్నా, ఉంటే పెట్టనా?” అన్నాడు మిత్రుడు. మా ఊరి గుడి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఉంది. సిమెంటు రోడ్డు ఉంది. రోడ్డు ఆగినచోటి నుంచి ఖాళీ. ఆ ఖాళీలోనే మా ఇళ్లున్నాయి. దాన్ని ఎవరైనా దిద్దవచ్చు కాబట్టి మన పిల్లలే కూచుని గీయాలి. ఇళ్లు, పల్లం, వానొస్తే మునిగే కల్వర్టు, తుపాను షెల్టరుకు నడిచే దారి, అన్నీ.

కులం పేరు మాత్రం అందులో రాయకూడదనే నా వాదన. లోకమంతా చూసే పటంలో వాడకు గుర్తు పెడితే, సాయం తెచ్చేవాడికీ దాడికొచ్చేవాడికీ అదే దారి. ఆ లెక్క వాడ దగ్గరే ఉండాలి. కలెక్టరు ముందు పెట్టాల్సినప్పుడు వాడే పెడుతుంది.

గాలి ఎటు తిరిగిందో ఉపగ్రహం చెబుతుంది. షెల్టరు తాళం ఎవరింట్లో ఉందో చెప్పదు. అది తుపాను రాకముందే అడిగి రాసుకోవాల్సింది మనమే.