ఆవిరి పోయే దారి, వెలుగు వచ్చే దారి

1/72 స్కేలు స్పిట్‌ఫైర్ విమానం బొమ్మ కిట్‌లో రెక్క మొండేనికి ఆనేచోట వెంట్రుకంత సందు మిగిలిపోతుంది. దాన్ని పూడ్చడానికి ఇప్పుడు బల్ల మీద రెండు ట్యూబులుంటున్నాయి. ఒకటి మన చేతికి అలవాటైన బూడిదరంగు లక్కర్ పుట్టీ. రెండోది వెలుగు తగిలితే గట్టిపడే పుట్టీ. టామియా లాంటి పాత సంస్థలు కూడా ఈ రెండోదాన్ని అమ్ముతున్నాయి.

పాతదాని తీరు తెలిసిందే. ద్రావకం ఆవిరైపోతే మిగిలినది బిగుస్తుంది, ద్రావకం పోయినంత మేరా కుంగుతుంది. రాత్రి సమంగా దిద్దిన చోట తెల్లారేసరికి గుంట కనిపిస్తే మళ్లీ రాయాల్సిందే. కొత్తదాంట్లో ఆరాల్సిందంటూ ఏమీ ఉండదు. ఎక్రిలేట్ జాతి రెసిన్‌లో కలిపిన ఫోటోఇనిషియేటర్ కాంతిని పీల్చుకోగానే అణువులు గొలుసుకట్టుకుంటాయి. పన్ను పూడ్చేటప్పుడు డాక్టరు నోట్లో పెట్టే నీలి దీపం చేయించే పనీ ఇదే. ఇదీ కాస్త ముడుచుకుంటుంది, కాకపోతే ఆ ముడుచుకోవడం చాలావరకు కళ్లముందే అయిపోతుంది.

పుట్టీల్లాగే జిగుర్లలోనూ ఆవిరి రకం, వెలుగు రకం ఉన్నాయి. అతికించడంలో మాత్రం పాత రకం బలం వేరు. పాలీస్టైరీన్ సిమెంటు ప్లాస్టిక్‌ను కరిగించి రెండు ముక్కల్నీ కలిపేస్తుంది. ఆరాక ఆ అతుకులో జిగురు మిగలదు, ప్లాస్టిక్కే ఉంటుంది. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం అదే. వెలుగు జిగురు స్టైరీన్‌ను కరిగించదు, పైపైన పట్టుకుంటుంది. అందుకే ముందుగా ఉప్పుకాగితంతో గరుకు చేయాలి. కాక్‌పిట్ అద్దం దగ్గరకొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. సిమెంటు చుక్క జారితే అద్దం మీద మచ్చ పడుతుంది, సూపర్‌గ్లూ ఆవిరికి తెల్లగా మసకబారుతుంది. వెలుగు జిగురుతో ఆ రెండు భయాలూ లేవు. పైగా వెలుగు ఆ అద్దంలోంచే లోపలికి దిగుతుంది. అదే జిగురును రెండు నల్లటి ముక్కల మధ్య పెడితే ఎంతసేపు లైటు వేసినా లోపల పచ్చిగానే ఉండిపోతుంది.

రెండు పుట్టీల చుట్టరికం నాకు ఇక్కడే కనిపిస్తుంది. లక్కర్ పుట్టీని మందంగా రాస్తే పైపొర ముందే బిగిసి లోపలి ఆవిరికి దారి మూసేస్తుంది. అలాగే వెలుగు పుట్టీని మందంగా రాస్తే పైపొరే కాంతిని అడ్డుకుంటుంది. ఒకదానికి బయటికి పోయే దారి కావాలి, రెండోదానికి లోపలికి వచ్చే దారి కావాలి. రెంటినీ పలచగా, పొరపొరగానే రాయాలి.

జాగ్రత్తలూ రెంటికీ తప్పవు. లక్కర్ ఘాటు ముక్కుకు తగిలి కిటికీ తెరిపిస్తుంది. వెలుగు రెసిన్‌కు వాసన తక్కువ కాబట్టి చేతులు నిర్లక్ష్యం చేస్తాయి. గట్టిపడని ఎక్రిలేట్ చర్మానికి అలర్జీ తెప్పించగలదు, గ్లవ్స్ వేసుకోవాల్సిందే. గాలిలోని ఆక్సిజన్ వల్ల పైన మిగిలే జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచేయాలి.

గడువు దగ్గర రెండూ పూర్తిగా విడిపోతాయి. లక్కర్ పుట్టీ ట్యూబులోంచి బయటపడిన క్షణం నుంచీ ఆరడం మొదలుపెడుతుంది. కొత్తది మాత్రం ఎండకూ దీపాలకూ దూరంగా ఉంచితే మనం లైటు వేసేదాకా ఆగుతుంది. అంతవరకూ ఎన్నిసార్లయినా దిద్దుకోవచ్చు, లైటు వేశాక ఇక ఉప్పుకాగితమే గతి.

స్పిట్‌ఫైర్ రెక్కకు నేను పాత సిమెంటునూ కొత్త పుట్టీనీ రెంటినీ వాడతాను. ముందు సిమెంటు పూసి, కరిగిన ప్లాస్టిక్ సన్నటి గట్టులా పైకి ఉబికేదాకా నొక్కి, పూర్తిగా ఆరనిస్తాను. ఆ తర్వాత కూడా మిగిలిన సందులోనే వెలుగు పుట్టీ. సాన పట్టేటప్పుడు కాగితాన్ని బల్లపరుపు చెక్కకు చుట్టి పట్టుకుంటాను. వేలితో రుద్దితే మెత్తనైన ప్లాస్టిక్ ముందు అరిగి, పుట్టీ గీత పైకి తేలుతుంది. ప్రైమర్ కొట్టగానే అది కనిపించిపోతుంది.