రాతిలో రంప ఫితూరీ: అల్లూరి స్మారకాలపై ఒక పరిశీలన

భద్రాచలం నుండి చింతూరు, మారేడుమిల్లి మీదుగా మన్యం దాటి కోస్తాకు వెళ్ళేవారికి అల్లూరి సీతారామరాజు విగ్రహాలు తరచు ఎదురవుతాయి. భీమవరంలో 2022 జూలై 4న ఆవిష్కరించబడిన 30 అడుగుల కాంస్య విగ్రహం వీటిలో ప్రసిద్ధమైనది. వీటిని చూచినప్పుడు మాకు కలిగిన అసంతృప్తిని ఇక్కడ వివరించదలిచాము.

విగ్రహంలో మనకు కనిపించేది విల్లంబులు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడికి ముందు ఆయన గిరిజనులకు బోధించినది మద్యం మానుమని, సర్కారు కోర్టులకు పోక పంచాయితీలో తగవులు తీర్చుకొమ్మని. ఆ సంస్కర్త ఈ కంచులో లేడు. (1879 నాటి రంప తిరుగుబాటుకు కల్లుపై పన్ను ఒక కారణమన్న సంగతి గుర్తుంటే ఈ బోధ ఎంత కష్టమైనదో తెలుస్తుంది.) మరొక లోపం, అనుచరులు లేకపోవడం. కృష్ణదేవిపేటలో మాత్రం రాజు సమాధి చెంత గాం గంటం దొర సమాధి ఉన్నది. కళాదృష్టితో అది సామాన్యమే. అయినా సాక్ష్యంగా భీమవరం విగ్రహం కంటె అదే మిన్న అని మా అభిప్రాయం.

యెహోషువ 4వ అధ్యాయంలో యొర్దాను నుండి తెచ్చిన రాళ్ళు పన్నెండు, గోత్రానికొకటి. వాటిలో యెహోషువ రూపం లేదు. పిల్లలు అడిగితే పెద్దలు చెప్పాలి, అప్పుడే ఆ రాళ్ళకు అర్థం.

మరి మనం ఏమి చెబుతున్నాము? 1879 తిరుగుబాటు భద్రాచలం తాలూకాలోని రేకపల్లికి కూడా పాకింది. అక్కడి కోపానికి మూలం పోడుపై పెంచిన పన్ను, అడవిపై ఆంక్షలు. దానికి సమీపంలోని దుమ్ముగూడెంలో హేగ్ దొర చొరవతో మొదలైన కోయ మిషను అప్పటికే ఉన్నది. జాన్ కెయిన్ దొర కోయ భాష నేర్చి లూకా సువార్తను అందులోకి అనువదించారు. బి.డి. చదివిన రోజులలో ఈ ఇద్దరి పేర్లూ మాకు తెలుసు. రేకపల్లి పేరు తెలియదు. 1525లో జర్మను రైతులు తమ పన్నెండు కోరికలలో అడవి కట్టెలపై హక్కు అడిగారనీ తెలియదు. వారికి వ్యతిరేకంగా లూథరు వ్రాసినది తెలుసు, థామస్ మ్యుంట్సర్ శిరచ్ఛేదమూ తెలుసు.

కనుక శిల్పులను మాత్రమే తప్పు పట్టలేము. రేకపల్లి ప్రాంతం పోలవరం ముంపు మండలాలలోనిది. అక్కడి కోయ సంఘాలలో సేవ చేయు కాపరులు వృద్ధుల జ్ఞాపకాలను, ఊళ్ళు కదలకముందే, కోయ మాటలలోనే వ్రాసి ఉంచవలెనని కోరుచున్నాము.